స్లాబు ఆపిన పెద్దమ్మ

పోయిన వారం నేను పనిచేసే బడిలో మధ్యాహ్న భోజనం గంట కొట్టగానే ఫోను మోగింది. మా పెద్దమ్మ కొడుకు. "చెల్లె, అమ్మ పోయింది" అన్నాడు. మిర్చి కల్లంలో తాలుకాయలు ఏరుతూ, పక్కనున్న ఆమెను మంచినీళ్లు అడిగిందట. నీళ్లు వచ్చేలోపే పక్కకు ఒరిగిపోయింది.

ఆమె మా అమ్మకు అక్క. చండ్రుగొండ దాటాక అడవి అంచున ఉండే ఊళ్లో, మొగుడు పోయినా ఎవరికీ కౌలుకివ్వకుండా సొంతంగా సేద్యం చేసుకున్న మనిషి. భజన మండలిలో చేరింది గానీ గొంతు అంత బాగుండేది కాదు. అయినా మందిరం కట్టాలనుకున్నప్పుడు కట్టడం కమిటీకి ఆమెనే అధ్యక్షురాలిని చేశారు. లెక్క అడిగితే కోపం తెచ్చుకోని మనిషి ఊళ్లో ఆమె ఒక్కతే అని మా నాన్న అనేవాడు.

మండలి పద్ధతి ఒకటుంది. ఊరివాళ్లు స్థలం చూపిస్తే, ఊరి మండళ్లన్నిటినీ చూసుకునే జిల్లా మండలి కట్టడం నక్షా ఇస్తుంది, ఇంజినీరును పంపుతుంది. గోడ కట్టే మేస్త్రీకి మాత్రమే కూలి. ఇసుక, ఇటుక మోయడం, నీళ్లు కొట్టడం అంతా శ్రమదానం. చందాలు మండలి పేరున బ్యాంకులో ఉంటాయి. తీయాలంటే అధ్యక్షురాలూ, కార్యదర్శీ ఇద్దరూ సంతకం పెట్టాలి. ఆ సొమ్ము కట్టడానికి తప్ప మరి దేనికీ ముట్టకూడదు.

శ్రమదానానికి వచ్చిన ప్రతి మనిషినీ పెద్దమ్మ గేటు దగ్గర ఆపి, "ఇంట్ల చెప్పి వచ్చినవా?" అని అడిగేది. చెప్పలేదంటే వెనక్కి పంపేది. "సేవ అంటే ఉత్తగనే వచ్చిందనుకుంటరు. ఎవరి ఇంట్లనో ఒక దినం కూలి పోతది. ఆ ఇల్లాలికి తెల్వాలె గదా" అనేది.

కొన్నేళ్ల కిందట ఒక ఆదివారం నేనూ అక్కడే ఉన్నాను. గోడలు లేచాయి, పై వరసలు పూర్తిచేసి స్లాబు వేయడమే మిగిలింది. బయటివైపు పరంజాకు ఇనుప పైపులు కిరాయికి తెమ్మని ఇంజినీరు చెప్పి వెళ్లాడు. ఖర్చెందుకు, సరుగుడు కర్రలతో కానిద్దామని కమిటీ అంది. పెద్దమ్మ కూడా సరేనంది. ముందు రాత్రి వాన పడింది. తండా నుంచి వచ్చిన ఆటో డ్రైవరు ఒకతను ఇటుకల తట్ట అందుకోవడానికి పైన నిలబడ్డాడు. తాడు జారిందో, కర్ర కుంగిందో, అందరం చూస్తుండగానే అతను వెనక్కి పడ్డాడు. నడుము ఇటుకల కుప్ప మీద పడింది. అతని నోట అరుపు కూడా రాలేదు. "కాళ్లు లేవు, నా కాళ్లు లేవు" అని మాత్రం గొణుగుతున్నాడు.

అంబులెన్సులో పెద్దమ్మ అతని తల పట్టుకుని కూర్చుంది. అతని భార్యా, నేనూ ఎదురుగా ఉన్నాం. ఖమ్మం చేరేదాకా పెద్దమ్మ అతని కాలి బొటనవేళ్లనే చూస్తూ ఉంది. అవి ఒక్కసారి కూడా కదల్లేదు.

డాక్టరు మాట తేల్చి చెప్పాడు. వెన్నెముక నరాల మీద ఒత్తిడి ఉంది, రేపటికల్లా ఆపరేషన్ చేస్తే కాళ్లు వచ్చే ఆశ ఉంది, ఆలస్యమైతే చెప్పలేను అన్నాడు. పెళ్లయ్యాక విడిగా కార్డుకు అర్జీ పెట్టుకోవడంతో అతని పేరు ఇంకా ఉచిత వైద్యం ఇచ్చే ప్రభుత్వ కార్డులోకి ఎక్కలేదు. కట్టాల్సిన మొత్తం విని అతని భార్య చెవుల కమ్మలు తీయబోయింది. పెద్దమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు ఈడనే ఉండు బిడ్డా. నేను పొయ్యొస్త" అంది.

సాయంత్రానికి ఊళ్లో, పైకప్పు లేని ఆ మందిరంలోనే అందరూ కూర్చున్నారు. సంగతి తెలిసి జిల్లా మండలి పెద్దాయన కూడా కారులో వచ్చాడు. చెడ్డవాడు కాదు. మొహం నిజంగానే వాడిపోయి ఉంది. "అమ్మా, మనసు నాకూ ఉంది. కానీ ఇది కట్టడానికిచ్చిన సొమ్ము. ఇయాల దీన్ని ముడితే రేపు ఏ ఊళ్లోనూ మన రసీదును ఎవరూ నమ్మరు. వేరే చందా ఎత్తుదాం" అన్నాడు.

"చందా ఎత్తేసరికి ఎన్ని దినాలైతయి సారూ? డాక్టరు రేపటి మాట చెప్పిండు."

వెనక నుంచి ఎవరో అన్నారు: "మనం రమ్మన్నమా? తనంతట తనే వచ్చిండు."

పెద్దమ్మ అటు తిరిగింది. "అవ్, తనంతట తనే వచ్చిండు. కూలికి పిలిస్తే కూలి ఇచ్చి చెయ్యి దులుపుకుందుము. పిలవకుండ వచ్చినోనికి మనం ఇంకా ఎక్కువ బాకీ." కమిటీవాళ్ల వైపు చూసి మళ్లీ అంది: "పైపుల కిరాయి మిగిల్చినం అనుకున్నం. నేను గూడ సరే అన్న. ఆ పైసలు మిగల్లేదు. ఆయన నడుముల నుంచి తీసినం."

కార్యదర్శి తల దించుకుని, "ఆడిట్‌కు వస్తే నేనేం చెప్పాలె వదినా? నేను సంతకం పెట్టలేను" అన్నాడు.

"దాతల సొమ్ము అంటున్నరు గదా. దాతలనే అడుగుత" అని లేచింది పెద్దమ్మ.

తెల్లారి భజన మైకులో ఆమె గొంతు వినిపించింది. "స్లాబు కోసం పైసలిచ్చినోళ్లందరికీ చెప్తున్న. పడ్డ పిల్లగాని ఆపరేషన్‌కు ఆ పైసలు వాడాలనుకుంటున్నం. ఇష్టం లేనోళ్లు వచ్చి వాపసు తీసుకోండ్రి. తప్పు లేదు, ఎవ్వరం ఏమనుకోం. జల్దీ రాండ్రి, బ్యాంకు తెరిస్తే పోవాలె." అంతే. మైకు కట్టేసి గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది.

ఎదురుచూడటం అంటే ఏమిటో ఆ పొద్దున తెలిసింది నాకు. ఫోను మోగినప్పుడల్లా దవాఖానా నుంచేమోనని ఉలిక్కిపడ్డాను. ముందుగా తునికాకు కట్టలు కట్టే ముసలామె వచ్చింది. "నాది దవాఖానకే" అని, నిలబడకుండానే పనికి వెళ్లిపోయింది. ఇంకొందరు బాట మీది నుంచే సరేనని తలలూపి పోయారు. చివరికి కారు ఆగింది. అందరికంటే ఎక్కువ ఇచ్చినాయన, కోస్తా నుంచి వచ్చి పామాయిల్ తోటలు వేసిన రైతు. "అక్కగారూ, అది మా అమ్మ పేరు మీద ఇచ్చాను. దేవుడికే చెందాలి. నా మనసు ఒప్పుకోవడం లేదు" అన్నాడు.

పెద్దమ్మ లెక్కల పుస్తకం తీసి చూసింది. ఆయన వెనక్కి తీసుకుంటే మిగిలేది సగమే. అయినా, "మాటిచ్చిన గదా. మీ చెక్కు ఇప్పుడే రాసిస్తం" అంది. కార్యదర్శిని పిలిచి ఆ చెక్కు మీద ముందు తనే సంతకం పెట్టింది. రెండో సంతకం పెట్టేటప్పుడు కార్యదర్శి ఆమెను అదోలా చూశాడు. ఆ చెక్కు ఇచ్చేశాక, ఎవరూ అడగకుండానే ఇంకో చెక్కు చించి, దవాఖానా పేరు రాసి, తన సంతకం చేసి ఆమె ముందు పెట్టాడు. "ఇది చాలదు వదినా" అన్నాడు. "ముందు డాక్టరును కత్తి పట్టుకోనీ, మిగతాది తర్వాత చూద్దాం" అంది పెద్దమ్మ.

ఆ మిగతాది తండావాళ్లూ, ఊరివాళ్లూ కలిసి ఆ వారంలోనే పోగుచేశారు. ఆపరేషన్ అయింది. చాలా రోజులకు ఒక కాలిలో, తర్వాత రెండో కాలిలో స్పర్శ వచ్చింది. ఇప్పుడతను చేతికర్రతో, ఒక కాలు ఈడుస్తూ నడుస్తాడు. ఆటో నడపలేడు. తండాలో చిన్న కిరాణా కొట్టు పెట్టుకున్నారు.

నియమం తప్పినందుకు జిల్లా మండలివాళ్లు పెద్దమ్మను పదవి నుంచి తీసేశారు. "దేవుని ఇల్లు ఆపింది" అన్న మాట కొన్నాళ్లు ఊళ్లో తిరిగింది. ఆమె మాత్రం వారం వారం భజనకు వెళ్లి వెనక వరసలో కూర్చునేది. మరుసటి ఏడు ఆ తోటల రైతే, వెనక్కి తీసుకున్న డబ్బుతో మందిరానికి రేకులు వేయించాడు. ఆ తర్వాతే జిల్లా మండలి కొత్త నియమాలు పెట్టింది: పునాది తీసేముందే ప్రమాదాల కోసం కొంత సొమ్ము పక్కన పెట్టాలి. నేల విడిచి పైకెక్కే పని కూలి మేస్త్రీలకే ఇవ్వాలి. ఇప్పుడు జూలూరుపాడు వైపు కడుతున్న మందిరాల్లో అదే పద్ధతి. ఎందుకు పెట్టారో అక్కడివాళ్లకు తెలియదు. నేను చెప్పబోతే పెద్దమ్మ ఆపేది: "పద్ధతి మంచిగుంటే సాలు. ఎవరు పెట్టిన్రనేది ఎందుకు?"

అంత్యక్రియల రోజు తండా నుంచి రెండు ట్రాక్టర్ల మంది వచ్చారు. పాడె లేపబోతుండగా ఆనాడు పడ్డ ఆటో డ్రైవరు చేతికర్ర ఊతంగా ముందుకొచ్చి, పాడె కర్ర మీద చెయ్యి వేశాడు. మా వాళ్లలో ఒక పెద్దాయన, "నువ్వెందుకు..." అని ఏదో అనబోయాడు. పెద్దమ్మ కొడుకు చేతిలోని నిప్పుకుండ సర్దుకుని, "రానీ మామా" అన్నాడు. ఆ పెద్దాయన పక్కకు జరిగాడు.

అతను బరువు మోయలేడు. చెయ్యి మాత్రమే ఆనించి, ఒక అడుగు వేసి, రెండో కాలు ఈడ్చి, మళ్లీ అడుగు వేశాడు. పాడె మోసేవాళ్లు అతని నడకకు తగ్గట్టు నడిచారు. ఎండ మండిపోతోంది. డప్పులవాళ్లు కూడా దెబ్బ నెమ్మది చేశారు.

మా దగ్గర ఆడవాళ్లం ఊరి చివరి వరకే వెళ్తాం. అక్కడే ఆగిపోయి చూస్తూ నిలబడ్డాం. బాట పత్తిచేల మధ్య నుంచి తిన్నగా అడవి వైపు పోతుంది. వాళ్లు అంత మెల్లగా నడిచారు కాబట్టి, మా పెద్దమ్మ మా కళ్లకు చాలాసేపు కనబడుతూనే ఉంది.