పదకొండు వీధులకు మూడు లైన్లు

"నువ్వెవరివయ్యా ఊరికి చెప్పడానికి?"

నీటి సరఫరా ఆఫీసులో ఇంజనీరు గారు ఈ మాట అడిగినప్పుడు వాల్వాయన గుమ్మం బయటే నిలబడి ఉన్నాడు. చెప్పులకు బురద అంటిందని లోపలికి వెళ్ళలేదు. ప్రశ్నను ప్రశ్నగానే తీసుకుని కాసేపు ఆలోచించాడు.

"వాల్వు తిప్పేవాణ్ణండీ," అన్నాడు.

అందులో వినయమూ లేదు, ఎత్తిపొడుపూ లేదు. ఆయన పని అదే. పొద్దున అయిదింటికి సైకిలుకు నిలువెత్తు ఇనప తాళంచెవి ఒకటి కట్టుకుని బయల్దేరతాడు. రోడ్డు కింద గుంటల్లో ఉన్న వాల్వులను దాంతో తిప్పి, పదకొండు వీధులకు వంతులవారీగా నీళ్ళు వదులుతాడు. ఉద్యోగం ఏడాది కాంట్రాక్టు. ఇరవై రెండేళ్ళుగా ఏడాది కాంట్రాక్టే.

ఇంజనీరు గారికి కోపం తెప్పించింది వాల్వు కాదు, ఫోను. ఆ పదకొండు వీధుల్లోని ఆరువందల పన్నెండు ఇళ్ళకు వాల్వాయన ఫోనులో ఒక గ్రూపు నడుపుతున్నాడు. దాని పేరు "నీళ్ళు". అందులో రాసేది ఆయనొక్కడే. మొదట్లో అందరికీ రాసే వీలుండేది కానీ, మూడోరోజుకల్లా శుభోదయాలూ గులాబీలూ వరదకట్టి, నీళ్ళెప్పుడొస్తాయన్న ముక్క అడుగున పడి మునిగిపోయింది. అంతే, బిరడా బిగించేశాడు.

ఇలాంటి మనుషుల గురించి రాసేటప్పుడు "చదువు లేకపోయినా సంస్కారం ఉంది" అని మొదలుపెట్టడం రివాజు. వాల్వాయనకు చదువుంది, పదో తరగతి రెండో ప్రయత్నంలో పాసయ్యాడు. సంస్కారం సంగతంటారా, పేకాటలో తొండి చేస్తాడు, పట్టుబడితే ముక్కలు విసిరికొట్టి లేచిపోతాడు. ఆయన్ని మెచ్చుకోవడానికి ఈ రెండూ అడ్డం కావు, అవసరమూ కావు. మెచ్చుకోవలసింది ఆయన మెసేజ్‌ను.

మామూలు రోజున అది ఇలా ఉంటుంది:

"4, 5 వీధులు. నీళ్ళు 6 నుంచి 7.
మిగతా వీధులకు రేపు.
మోటారు కాలింది."

వీధి నంబరు ముందెందుకంటే, ఫోను తెరవకుండా పైపైన చూస్తే కనబడేది మొదటి లైనే. తలుపు తియ్యకముందే వచ్చిందెవరో తెలియాలంటాడు. రెండో వీధి అరుగు మీద కూర్చునే పెద్ద మాస్టారు, రిటైరై పదేళ్ళయినా తప్పులు దిద్దడం మానలేదు. ఒకరోజు వాల్వాయన సైకిలు ఆపి అడిగారు.

"ఏమయ్యా, ఒక నమస్కారం ఉండదా? ఎత్తుకోవడమే నాలుగో వీధి అంటావు?"

"నమస్కారానికి ఒక లైను పోతుంది మాస్టారూ. మా వదిన కళ్ళజోడు లేకుండా మూడు లైన్లే చదువుతుంది."

"ఊరికంతటికీ మీ వదిన కళ్ళేనా కొలత?"

"ఆవిడకి అర్థమైతే మీకు కాకుండా పోతుందా అండీ?"

మాస్టారు దీన్ని పొగడ్తగా తీసుకోవాలో వద్దో తేల్చుకునేలోపు సైకిలు వెళ్ళిపోయింది.

వదిన మాట వేళాకోళానికన్నది కాదు. ఆవిడ ఆయన అన్నగారి భార్య. పక్కవాటాలోనే ఉంటుంది, బట్టలు కుడుతుంది. కుడికంట్లో శుక్లం. వాల్వాయన ఏ మెసేజైనా పంపేముందు ఆవిడ కుట్టుమిషను ముందు నిలబడి ఫోను అందిస్తాడు. ఆవిడ చెయ్యి చాచి దూరంగా పెట్టుకుని చదువుతుంది. కాలు మాత్రం మిషను తొక్కుతూనే ఉంటుంది. చదవడం అయ్యేదాకా కాలు ఆగకపోతే మెసేజ్ బాగున్నట్టు. ఆగిందంటే తిరగరాయాల్సిందే. ఆన్‌లైన్ సమాచారం ఎలా ఉండాలనే విషయం మీద ఊళ్ళో సదస్సులు జరిగాయి, వక్తల ముందు నీళ్ళసీసాలు వరసగా పేర్చి. ఆ కాలి పరీక్షకు సాటివచ్చే పరీక్షను వాటిలో ఎవరూ చెప్పలేదు.

తొలిరోజుల్లో ఆయనా ఆఫీసు భాషే రాసేవాడు. మిషను ఆగేది.

"'సాంకేతిక కారణాల వల్ల' అంటే ఏంటి మరిదీ?"

"మోటారు కాలింది వదినా."

"ఆ ఏడుపేదో అలాగే ఏడవచ్చుగా."

ఇక నమ్మకం. అది ఒక తప్పుతో మొదలైంది. ఆరో వీధి వాల్వు పాతకాలపు కంట్రాక్టరు వేసింది. మిగతావన్నీ ఒకవైపు తిప్పితే తెరుచుకుంటాయి, అదొక్కటి ఎదురు. ఒకరోజు తొందరలో, తెరుస్తున్నాననుకుని దాన్ని ఇంకా బిగించేసి, "6వ వీధి. నీళ్ళు వచ్చాయి" అని పెట్టేశాడు. యాభై మూడు ఇళ్ళవాళ్ళు బిందెలు పెట్టుకుని గాలి శబ్దం విన్నారు. అరగంటలో ఇంకో మెసేజ్ వచ్చింది: "6వ వీధి. తప్పు నాది, వాల్వు ఎదురు తిప్పాను. 10కి వస్తాయి." పదికి వచ్చాయి. ఆ రోజునుంచి ఆయన ప్రతి వంతుకూ చివరి కుళాయి దగ్గర గాజుసీసాలో నీళ్ళు పట్టి, కళ్ళతో చూశాకే "వచ్చాయి" అని రాస్తాడు. ఊరు కూడా ఆ రోజునుంచే ఆయన మాటకు గడియారం సరిచేసుకోవడం మొదలుపెట్టింది. తప్పు చేసి ఒప్పుకున్నవాడు మళ్ళీ చేస్తే మళ్ళీ చెబుతాడు కదా అన్నది జనం లెక్క.

ఆఫీసుకూ ఒక వెబ్ పేజీ ఉండేది. తెరవగానే మునిసిపల్ అధ్యక్షులవారి ఫోటో. దానికింద కుడినుంచి ఎడమకు పరుగెత్తే స్వాగతం. ఆ తర్వాత పద్నాలుగంకెల వినియోగదారు సంఖ్య అడుగుతుంది. అది బిల్లు వెనక ఉంటుంది, బిల్లు ఎక్కడుంటుందో ఎవరికీ తెలియదు. ఇవన్నీ దాటి వెళితే "అంతరాయానికి చింతిస్తున్నాము" అని ఉంటుంది. ఏ అంతరాయం, ఏ వీధిలో, ఏ రోజున అన్నది ఉండదు. ఆ చింత రెండేళ్ళ క్రితంది.

జనం పేజీ చూడ్డంలేదని పైనుంచి అక్షింతలు పడ్డాయి. దాంతో ఇంజనీరు గారు వాల్వాయనను పిలిపించి ఆ ప్రశ్న అడిగారు. మనిషి చెడ్డవాడేం కాదు, చెప్పులిప్పి లోపలికొచ్చి కూర్చోమన్నారు కూడా. కానీ ఉత్తర్వు ఉత్తర్వే. నీటి సమాచారం పేజీలోనే రావాలి. "ఇంకొక్క మెసేజ్ పెట్టావంటే వచ్చేనెల నుంచి పనిలోకి రానక్కర్లేదు," అన్నారు.

పదహారు రోజులు గ్రూపు నిశ్శబ్దంగా ఉంది. జనం కుళాయిల ముందు బిందెలు వరస పెట్టుకుని, ఒకరి మొహం ఒకరు చూసుకునే పాతకాలం తిరిగొచ్చింది.

పదిహేడో రోజు పొద్దున ఏడు ఇరవైకి, పదకొండో వీధి చివరి కుళాయి దగ్గర పట్టిన సీసాలో నీళ్ళు బూడిదరంగులో ఉన్నాయి. మూత తియ్యగానే వాసన. ఎక్కడో మంచినీళ్ళ పైపులో మురుగు కలిసింది. ముందు పరుగున వెళ్ళి వాల్వులన్నీ మూశాడు. తర్వాత ఇంజనీరు గారికి ఫోను చేశాడు.

"పరీక్ష రిపోర్టు వచ్చేదాకా ఎవరికీ ఏమీ చెప్పకు. పేజీలో మేమే పెడతాం."

"ఎప్పుడు పెడతారండీ?"

"పై సంతకం కావాలయ్యా."

అప్పటికి ఏడూ నలభై. ఏడో వీధి బడిలో ట్యాంకు నిండి ఉంది. ఎనిమిదిన్నరకు పిల్లలొచ్చి అక్కడే సీసాలు నింపుకుంటారు. ఇళ్ళల్లో బిందెలు నిండి ఉన్నాయి. ఇంకోపక్క ఇరవై రెండేళ్ళ ఉద్యోగం, దాన్ని మించిన ఆధారం ఆ ఇంట్లో లేదు.

వాల్వాయన వదిన దగ్గరికి వెళ్ళి ఫోను చూపించాడు. "అన్ని వీధులు. నీళ్ళు తాగొద్దు. మురుగు కలిసింది."

మిషను ఆగింది.

"పొద్దున పట్టుకున్నవో? నాకు బిందె నిండా ఉన్నాయి."

ఆయనకు ఆ సంగతే తట్టలేదు. మురుగు ఎప్పటినుంచి కలుస్తోందో తెలియదు. ఆరున్నరకు పట్టిన సీసా తేటగానే ఉంది, కానీ తేటగా ఉన్నంత మాత్రాన మంచినీళ్ళని చెప్పలేడు.

"కాచుకుంటేనో?"

"ఏమో వదినా, తెలీదు."

"తెలీదని రాయి. పెడితే నీ పని పోతుందా?"

"పోవచ్చు."

"సరే. ముందు రాయి, ఆనక ఏడుద్దాం."

ఆయన రాశాడు. ఆవిడ చెయ్యి చాచి మళ్ళీ చదివింది. మిషను ఆగలేదు.

"అన్ని వీధులు. నీళ్ళు తాగొద్దు. మురుగు కలిసింది.
ఇవాళ పట్టినవి పారబోయండి. బడి ట్యాంకు కూడా.
కాచి తాగొచ్చా? నాకు తెలీదు. తెలిసేదాకా వద్దు."

ఏడూ యాభై రెండుకు పంపాడు.

ఆ తర్వాత జరిగింది ఆ వీధుల్లో ఉన్నవాళ్ళెవరూ మరచిపోలేరు. ముందు ఒక ఇంటి పెరట్లోంచి బిందె వంచిన చప్పుడు. వెంటనే పక్కింట్లోంచి. ఆ తర్వాత ఎదురింట్లోంచి, పైవాటాలోంచి, వీధి మొగలోంచి. ఎవరూ ఎవర్నీ పిలవలేదు, నిజమేనా అని ఒక్కరూ గుమ్మంలోకొచ్చి అడగలేదు. గంటకు పైగా పడిగాపులు కాసి పట్టుకున్న నీళ్ళను జనం మారుమాట లేకుండా వంచేశారు. బడి కాపలాదారు ట్యాంకు అడుగు కుళాయి తిప్పి నిలబడ్డాడు. పెద్ద మాస్టారు పంచె ఎగగట్టి రాగిబిందె తనే మోసుకొచ్చి అరుగు మీంచి కుమ్మరించారు. ఎనిమిదీ ఒక నిమిషానికి పదకొండు వీధుల కాలవల్లోనూ నీళ్ళు, వాన వెలిసినట్టు, ఒక్కటే హోరున పారుతున్నాయి. తొమ్మిది నిమిషాలు. ఒక మనిషి రాసిన మూడు లైన్లకు ఆరువందల ఇళ్ళు ఒక్క చెయ్యిలా కదిలాయి. అంత పెద్ద దృశ్యం ఈ ఊరు ఎన్నడూ చూడలేదు. అందులో కనబడేదంతా చేతులూ బిందెలే.

ఆఫీసు పేజీలో పదకొండూ ఇరవైకి ప్రకటన వచ్చింది: "కొన్ని ప్రాంతాలలో నీటి నాణ్యతలో స్వల్ప వ్యత్యాసం గమనించబడినది. వినియోగదారులు సహకరించగలరు." దేనికి సహకరించాలో రాయలేదు.

ఊరిని చీల్చే పెద్ద కాలవకు అవతల, వేరే మనిషి వాల్వులు తిప్పే తొమ్మిది వీధులున్నాయి. అదే పైపు, అవే నీళ్ళు. వాళ్ళకు ఉన్నదల్లా పేజీ. ఆ వారం అక్కడినుంచి నలభై ముగ్గురు ఆస్పత్రిలో చేరారు. ఇవతలనుంచి ఒక్కరు. ఇవతలి తొమ్మిదో వీధిలో ఒంటరిగా ఉండే, గడియారాలు బాగుచేసే తాతకు ఫోను లేదు. వాల్వాయన రెండు రోజులు ఆయన మంచం పక్కనే కూర్చున్నాడు. తాత లేచి కూర్చుని, "నన్ను మరిచిపోయావుటయ్యా," అన్నాడు. "మరిచిపోయాను తాతా," అన్నాడు ఈయన. ఇప్పుడు జేబులో ఒక చీటీ ఉంటుంది, అందులో ఫోను లేని ఏడు ఇళ్ళు. మెసేజ్ పంపాక ఆ ఏడు తలుపులూ కొట్టి వస్తే తప్ప పంపినట్టు కాదు.

నాలుగోరోజు ఇంజనీరు గారు స్వయంగా ఇంటికి వచ్చారు. పని తీసేస్తారనుకుని వాల్వాయన ఇనప చెవి గోడకు ఆనించి నిలబడ్డాడు. ఇంజనీరు గారు మాత్రం, వదిన పరీక్ష సంగతి ఎవరో చెప్పగా, కుట్టుమిషను ముందుకు వెళ్ళి, పేజీలో పెట్టబోయే ప్రకటన ఒకటి ఫోనులో చూపించి, "ఇది కొంచెం చదువుతారా అమ్మా," అన్నారు. మిషను ఆగింది. ఆయన అక్కడే నిలబడి తిరగరాశారు. మళ్ళీ ఆగింది. నాలుగోసారికి ఆగలేదు. నుదుటి చెమట తుడుచుకుని, అంత కష్టమైన పరీక్ష కాలేజీలో కూడా రాయలేదన్నారు. వదిన నవ్వలేదు, దారం తెంపుకుంటోంది.

ఇప్పుడు పేజీ తెరిస్తే ముందు వీధి నంబరు కనిపిస్తుంది. అధ్యక్షులవారి ఫోటో అడుగుకు దిగింది. గ్రూపు మళ్ళీ నడుస్తోంది, కాంట్రాక్టు ఇంకో ఏడాదికి పొడిగించారు.

మూడేళ్ళుగా సొంత డబ్బుతో చేసుకున్న ఫోను రీచార్జి ఖర్చు ఆఫీసే ఇస్తుందని, పేజీలో ఫారం నింపమని ఇంజనీరు గారు చెప్పారు. ఫారంలో "హోదా" అనే గడి ఉంది. అది నొక్కితే పద్దెనిమిది హోదాలు జాబితాగా దిగుతాయి. వాటిలో వాల్వు తిప్పేవాడు లేడు, ఏదో ఒకటి ఎంచుకోకపోతే ఫారం ముందుకు కదలదు. తనకు లేని హోదా ఎంచుకోవడానికి ఆయన ఒప్పుకోలేదు. ముప్పై ఆరు నెలల రీచార్జి డబ్బు ఆయనకు ఇంకా రావాలి.