దారం రెండో కొస

పోయిన ఆదివారం పొద్దున పాల ప్యాకెట్ల కోసం మెట్లు దిగుతుంటే వాచ్‌మన్ చెప్పాడు, మా పక్కింటి అన్న నిద్రలోనే పోయాడని. మా అమ్మాయి చెప్పులైనా వేసుకోకుండా వాళ్లింటికి పరిగెత్తింది. ఆ ఏడుపు చూస్తే నాకు ముందుగా కలిగింది కుళ్లు. నేను పోయినా ఇంతలా ఏడుస్తుందా అనిపించింది.

అన్న బొంతపల్లి దగ్గర మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేసి, రిటైరయ్యాక బీరంగూడలో మా పక్క ఫ్లాట్‌కు వచ్చాడు. నేను ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. ఇంట్లో నన్ను పెట్టుకుని అమ్మాయి తన డిగ్రీ సందేహాలకు ఆయన దగ్గరికి పోయేది. పొరుగింటి పుల్లకూర రుచి అని మా ఆవిడ దగ్గర సణిగేవాణ్ణి.

ఉత్తేజక శక్తి, అంటే రసాయన చర్య మొదలవడానికి గడపలా దాటాల్సిన శక్తి, దాని లెక్క నేనూ చెప్పాను. వేర్వేరు ఉష్ణోగ్రతల దగ్గర చర్య వేగం కొలవాలి, గ్రాఫులో చుక్కలు పెట్టి గీత గీయాలి, ఆ గీత వాలుతో లెక్క కట్టాలి. ఫోన్‌లో వేస్తే క్షణంలో వస్తుందన్నాను. తలూపి పక్కింటికే పోయింది.

ఒక మధ్యాహ్నం అమ్మాయిని భోజనానికి పిలవడానికి వెళ్లి వాళ్ల గుమ్మం దగ్గరే నిలబడ్డాను. బల్ల మీద గ్రాఫు. చుక్కల మీదుగా తెల్ల కుట్టుదారం. ఒక కొస అన్న చేతిలో, ఇంకో కొస మా అమ్మాయి చేతిలో. గీత ఎటు పోవాలో అలా చూసుకుంటున్నారు.

"ఈ చుక్క దూరం పోయింది పెద్దనాన్నా, తీసేస్తా."

"తియ్యకు బిడ్డా. అది గూడ మనం కొలిచిందే. అన్నీ మన మాటనే ఇనాలంటే ఎట్ల?"

నన్ను చూసి నవ్వాడు. "లోపలికి రా తమ్మీ, చాయ్ తాగు. చర్యకైనా గడప దాటేదాంకనే కష్టం."

పనుందన్నాను. పనేమీ లేదు. పెద్దనాన్నా అన్న ఆ పిలుపు చెవిలో ముల్లులా గుచ్చుకుంది.

ఆయనకు నేను రుణపడి ఉన్నాను. మార్కులు తెచ్చుకోవడం నేను నేర్పితే ఓపిక ఆయన నేర్పాడు. అయినా అసూయ పోలేదు, మనిషి పోయినా.

నిన్న సాయంత్రం అమ్మాయి గ్రాఫు కాగితం, దారం తెచ్చి నా ముందు పెట్టింది. ఫోన్ మాట ఎత్తబోయి ఊరుకున్నాను.

"ఈ కొస పట్టుకో డాడీ."

పట్టుకున్నాను. దారం చుక్కలను వదిలి పక్కకు జరిగింది.

"నీ దిక్కు గుంజకు డాడీ," అంది మెల్లగా. "పెద్దనాన్న ఉత్తగ పట్టుకుంటుండె."

వేళ్లు సడలించాను. దారం చుక్కల మధ్యకు వచ్చి నిలిచింది.