నర్సమ్మ ఇచ్చిన ఆవగింజలు

కనకరత్నం చెయ్యి చురుకు, నోరు అంతకంటే చురుకు. భర్త జనార్దనరావుకి శేరిగూడ కాలేజీలో గుమాస్తా ఉద్యోగం వస్తే తణుకు దగ్గరి పల్లె నుంచి ఇబ్రహీంపట్నం వచ్చింది. వచ్చి పదిహేనేళ్లయినా ఈ ఊరి వంటలకి వంకలు పెట్టడం మానలేదు. అలాంటి మనిషి ఈ చలికాలమంతా పక్కింటి గడప వైపు చూడడానికి జంకింది. కారణం గుప్పెడు ఆవాలు.

పక్కింటి నర్సమ్మది ఇక్కడి పాత రైతు కుటుంబం. పొలం అమ్ముడుపోయినా పెరట్లో రెండు మళ్లు ఆవకూర వేస్తుంది. గింజల్ని ఇసుకలో కలిపి చల్లి, అరచేత్తో మెల్లగా అదిమి, చేత్తోనే నీళ్లు చిలకరిస్తుంది. మూడో రోజుకి మొలక, నెల తిరక్కుండా లేతాకు. పచ్చి ఆకునే ఉల్లిపాయతో కలిపి జొన్నరొట్టెలో పెట్టుకుంటే ఘాటు ముక్కులోంచి నెత్తికెక్కేది. విత్తనం ఆమె అత్తగారి నాటిది. అడిగినవాళ్లకి పిడికెడు ఇచ్చి, తనకి అవసరమైనప్పుడు పిడికెడు తిరిగి పుచ్చుకునేది. నాలుగిళ్లలో ఉంటే విత్తనం చావదని ఆమె నమ్మకం.

నిరుడు కనకరత్నానికీ మూట కట్టి ఇచ్చింది. గోదావరి మనిషికి ఆవాలంటే పోపు, లేదంటే ఆవ పెట్టిన కూర. ఆకు కోసం ఆవాలు చల్లడమేమిటని నవ్వుకుని, మూట విప్పి పోపుడబ్బాలో పోసేసింది. ఆ నెలలో వండిన పనసపొట్టు కూర ఘాటుకి జనార్దనరావు కళ్లు తుడుచుకుంటూ మరీ మెచ్చుకున్నాడు.

ఈ వానాకాలం నర్సమ్మ విత్తనాల కుండలోకి నీళ్లు దిగి గింజంతా బూజు పట్టింది. ఇదివరకు పుచ్చుకున్నవాళ్లలో ఒకరు ఇల్లమ్ముకుని మంచాల ఊరికి వెళ్లిపోయారు, మిగతా ఇద్దరూ వేయడమే మానేశారు. ఇక ఉన్నది కనకరత్నం ఒక్కతే. నర్సమ్మ నిశ్చింతగా వచ్చి గుమ్మంలో కూర్చుని, రత్నమ్మ దగ్గర గింజలుండగా తనకేం ఫికర్ అంది.

అప్పుడే నిజం చెప్పి ఉంటే ఒక్క పూట చిన్నబోయేది, అంతే. చెప్పలేదు. లోపలికి వెళ్లి, కిరాణా కొట్లో కొన్న ఆవాలు గుప్పెడు తీసి మూట కట్టి తెచ్చింది. నర్సమ్మ రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకుంది.

మొలకలు బాగానే వచ్చాయి. ఆకు మాత్రం సన్నగా, చప్పగా వచ్చింది. నీళ్లు ఎక్కువ పోశానంది నర్సమ్మ. బూడిద చల్లింది. ఎండ తగిలేచోట మళ్లీ విత్తింది. తప్పంతా ఆ ముసలమ్మ తన నెత్తినే వేసుకుంటుంటే, గోడకి ఇవతల కనకరత్నం సిగ్గుతో చితికిపోయింది.

ఒక ఉదయం నర్సమ్మ నాలుగు లేతాకులు పట్టుకుని వచ్చింది. మొహం వాడిపోయి ఉంది.

"మొన్న జరమొచ్చిన కాడి నుంచి నా నాలుకకే రుచి సచ్చినట్టుంది బిడ్డా. దవాఖానకు పోదామంటున్నడు మా కొడుకు. నువ్వు జర తిని చెప్పు, కారం ఉన్నదా?"

కనకరత్నం ఒక ఆకు నోట్లో పెట్టుకుంది. ఉందని ఒక్క మాట అంటే తను ఈ గండం నుంచి బయటపడుతుంది. ఈ మనిషి మాత్రం బతికినన్నాళ్లూ తన నాలుకని తనే అనుమానించుకుంటుంది.

"లేదు పిన్నిగారూ. మీ నాలుకకేం కాలేదు. ఇవి కొట్లో కొన్న ఆవాలు. మీరిచ్చినవి నేను పోపులో వేసేశాను."

అరుస్తుందనుకుంది. నర్సమ్మ అరవలేదు.

"గట్లనా. అయితే నా నాలుక మంచిగనే ఉన్నదన్నట్టు."

ఒక్క క్షణం ఆమె మొహం తేటపడింది. ఆ తేట చూసి కనకరత్నం ఏడ్చేసింది. నర్సమ్మ గొంతు తగ్గించి అడిగింది.

"ఒక్క గింజన్న మిగల్లేదా?"

కనకరత్నం తల అడ్డంగా ఊపింది. నర్సమ్మ కొంగు సర్దుకుని లేచింది. మెట్టు దిగుతూ తూలితే కనకరత్నం పట్టుకోబోయింది. ఆ చేతిని పక్కకి నెట్టి, గోడ పట్టుకుని నడిచి వెళ్లింది.