గుర్తు తెలియని కూలీ కాదు, మా మామ

సింగపూర్ సెంబవాంగ్‌లో పాత ఓడల యార్డు ఫోటోల ప్రదర్శన పెట్టి, మా మేనమామ ఫోటో కింద ‘గుర్తు తెలియని కూలీ’ అని రాశారు. అది తప్పు.

ఆ రోజుల్లో ఆ యార్డులో మామని గుర్తుపట్టనివాళ్ళే ఉండేవారు కాదు. కింద కొలిమి దగ్గరివాడు ఓడ రేకులు బిగించే రివెట్లను ఎర్రగా కాల్చి పైకి విసిరితే, పరంజా మీద నిలబడి రేకు డబ్బాతో పట్టడం ఆయన పని. ఆయన దగ్గర ఒక్కటీ జారలేదు. మరమ్మతుకు వచ్చిన ఓడల్లోని అమెరికా నావికులు ఆదివారాలు మైదానంలో బేస్‌బాల్ ఆడేవారు. మామ పట్టు చూసి, మనిషి తక్కువైనప్పుడు పిలిచారు, తర్వాత మనిషి ఎక్కువైనా పిలిచారు, ఆఖరికి ఆడినందుకు జీతమే ఇవ్వడం మొదలుపెట్టారు. "ఆటకి జీతవేట్రా, ఈళ్ళకేటైనా పిచ్చా?" అని మామ ఆశ్చర్యపోయాడు గాని, ఆడటం మానలేదు. (బేస్‌బాల్ ఆడి జీతం తీసుకున్న తొలి తెలుగువాడు ఆయనేనని నా వాదన. కాదన్నవాళ్ళు రుజువు తెచ్చుకోవచ్చు.) బంతి పట్టడానికి తోలు తొడుగు ఇస్తే, "ఇదేసుకుంటే బంతి వచ్చినట్టు చేతికెలా తెలుస్తాదిరా?" అని, ఆట ఆగినప్పుడు దాని మీద కూర్చునేవాడు.

నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు, అదే యార్డులో పెయింటు పని. బడి చదువు అయిదో తరగతితో సరి. నావికులు పారేసిన పాత పత్రికలు, ఒక చిరిగిన నిఘంటువు, ఇవే నా కళాశాల. అందుచేత నాకు తెలియనిది లేదనుకునేవాణ్ణి. (ఆ జబ్బు ఇప్పటికీ పూర్తిగా నయం కాలేదు.) ఒక ఆదివారం మామ పట్టుబట్టి నన్నూ ఆటలోకి దింపాడు. మొదటి బంతే తగిలింది! నాకు తెలిసిందల్లా క్రికెట్. బ్యాటు పట్టుకునే పరిగెత్తి, మొదటి బేస్ మీద దాన్ని టక్కున ఆనించి, రెండో పరుగు కోసం వెనక్కి తిరిగాను. "ఒరే, ఎనక్కెందుకొస్తన్నావురా! ఆ కర్రొగ్గేసి ముందుకెళ్ళు!" అని మామ కేకలు. నావికులు గడ్డి మీద పడి దొర్లుతూ నవ్వుతున్నారు. అంపైరు నన్ను ఔటన్నాడు. అంతదాకా నన్ను తిడుతున్న మామ గిరుక్కున అతని మీదికి తిరిగి, వేలెత్తి, అచ్చ తెలుగులో, "అవుటేటి? కుర్రోడు రెండుసార్లు పరిగెత్తేడు. రెండూ రాయి!" అన్నాడు. ఆ క్షణాన ఎవరో తీసిన ఫోటోయే ఇది. నా కోసం దొరతో పోట్లాడుతున్న మనిషి. గుర్తు తెలియకపోవడమేమిటి?

మామ పోయి చాలా ఏళ్ళయింది. ఆంగ్ మో కియోలో ఉంటున్న అత్తకి చూపు బాగా తగ్గింది. అయినా కొత్త నేతచీర కట్టుకుని ప్రదర్శనకి వచ్చి, ఫోటో కింద ఏం రాశారో చదవమని మనవరాలిని అడిగింది.

"అన్‌నోన్ వర్కర్ అని ఉంది లా, అమ్మమ్మా," అంది ఆ పిల్ల, ఇక్కడి పిల్లల అలవాటుగా మాట చివర ‘లా’ తగిలించి.

"అంటే?"

ఆ పిల్ల నెమ్మదిగా అర్థం చెప్పింది. అత్త ఫోటో అద్దాన్ని చేత్తో తడిమి, "తెలీకపోడవేటమ్మా, మనల్నడిగితే చెప్దుం కదా" అంది.

ప్రదర్శన నెలాఖరుతో అయిపోతుంది. ఈలోగా అత్తని మళ్ళీ తీసుకెళ్ళి, అక్కడ మామ పేరు చదివి వినిపించాలి. అత్త ఆ మాట అన్న రోజే నిర్వాహకులకు ఇంగ్లీషులో ఉత్తరం రాశాను, రెండు పేజీలు. తర్వాత ఇంకోటి, అయిదు పేజీలు. మూడోది తొమ్మిది, నిఘంటువులో ఉన్న కోపం మాటలన్నీ అందులోనే వాడేశాను. నిన్న జవాబు వచ్చింది. చదివి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ చదివి, ఇంత వయసొచ్చినవాణ్ణి ఒక్కణ్ణే కూర్చుని నవ్వుకున్నాను.

"అంకుల్, మీ మూడు ఉత్తరాలూ మా ఆఫీసులో అందరం చదివాం. తప్పు మాదే, క్షమించండి. కొత్త కార్డు మీద ‘బేస్‌బాల్ ఆటగాడు’ అని అచ్చు వేయించాం కూడా. కాని పదహారు పేజీల్లోనూ మీరు ఆయన్ని ‘మా మామ’ అనే రాశారు. దయచేసి ఆయన పేరేమిటో చెప్తారా?"