బోనెక్కిన వంటమ్మ

కరోనా తగ్గి హాస్టళ్లు మళ్లీ తెరిచిన ఏడాది నన్ను లా కాలేజీ మెస్సుకు మార్చారు. మార్కాపురం నుంచి గిద్దలూరు పోయే దారిలో ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం అది. అంతకుముందు ఇంజినీరింగు మెస్సులో సహాయకురాలిని. ఇక్కడ రెండో వంటమనిషిని. నా పైన హెడ్ కుక్, ఆయన పైన మెస్ మేనేజరు.

లా చదువు ఇంటర్ అయినవాళ్లకు ఐదేళ్లు, డిగ్రీ అయినవాళ్లకు మూడేళ్లు. ఏ దారిన వచ్చినా చివరి ఏడాది ఉత్తుత్తి కోర్టులో కేసు నడిపి చూపాలి. దాన్ని మాక్ ట్రయల్ అంటారు. జడ్జి, బోను, నల్లకోట్లు అన్నీ ఉంటాయి, కేసు మాత్రం కల్పించింది. సాక్షులుగా పిల్లలనే పెడితే ప్లీడర్ల మాదిరి జవాబులు చెబుతున్నారని మెస్సువాళ్లను పిలిచేవారు. దీనికి అదనంగా కూలి లేదు. తెల్లవారకముందు పొయ్యి వెలిగించిన దాన్ని, మధ్యాహ్నం వడ్డన అయ్యాక పోయి బోనులో నిలబడేదాన్ని. మూడో తరగతితో బడి మానేసినదాన్ని కాబట్టి చెప్పాల్సిన సాక్ష్యం ఎవరో ఒకరు చదివి వినిపించేవారు.

ఆ ఏడాది కేసులో ఓబులేసు అనేవాడి మేకలు పక్కవాళ్ల కంది చేను మేశాయి. చూసిన సాక్షిని నేను. ఓబులేసు తరఫున నన్ను ప్రశ్నించాల్సినవాడు రమణయ్య, కొమరోలు వైపు గొర్రెలు కాసేవాళ్ల ఇంటి పిల్లవాడు. ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించడాన్ని క్రాస్ అంటారు. దాని చివర "నువ్వు చెప్పింది అబద్ధం" అని సాక్షి ముఖం మీదే అనాలి. అనకపోతే సాక్షి మాట ఒప్పుకున్నట్టే లెక్క.

రమణయ్య ప్రశ్నలన్నీ బాగానే అడిగాడు. ఆ మాట దగ్గరికొచ్చి ఆగిపోయాడు.

"అవ్వా... నువ్వు పొరపాటు పడినావేమో అవ్వా."

జడ్జి కుర్చీలో ఉన్నది, నిజంగానే జడ్జిగా చేసి రిటైరైన మాస్టారు. "ఇక్కడ అవ్వ లేదయ్యా, సాక్షి ఉంది. ఆ మాట అను" అన్నారు. వాడు అనలేదు. "కాళ్లకు కూడా మొక్కురా" అని తోటి పిల్లలు నవ్వారు. మాస్టారు మరుసటి రోజుకు ఇంకొక్క అవకాశం ఇచ్చారు. అదీ పోతే ఏడాది ఆగాలి. మార్కాపురంలో ఒక ప్లీడరు వాణ్ని జూనియరుగా చేర్చుకుంటానన్నది ఆ ఏడాదే పాసైతేనే.

సాయంత్రం మెస్సు వెనక్కి వచ్చాడు.

"ఏమనుకోవద్దవ్వా. పెద్దోళ్లను అట్ల అంటే మా నాయన పళ్లు రాలగొడతాడు."

"మీ నాయన ఆ కోర్టులో లేడు గదా. ఆ మేకల్ని నేను చూసినానా ఏంది? ఎవరో రాసిచ్చింది చెప్తాండా. అబద్ధాన్ని అబద్ధమనేదానికి నీకేం నొప్పి?"

"నీ మొగం చూస్తే నోరు రాదవ్వా."

"అయితే చూడొద్దు. నా వెనక గోడను చూసి అను. రేపు గూడా ఊరికే నిలబెట్టినావంటే గరిటె తిరగేస్తా. మోకాళ్లు నావి, కాలేజీవి కావు."

మరుసటి రోజు గోడను చూసి అన్నాడు. "అవ్వా, నువ్వు చెప్పింది అబద్ధం." అవ్వా అన్న మాటను మాస్టారు రికార్డులోంచి కొట్టేయించారు. పిల్లవాడు పాసయ్యాడు.

ఆ బ్యాచిలో ఎక్కువమంది హైదరాబాదు, బెంగళూరు కంపెనీలకు పోయారు. రమణయ్య మార్కాపురంలోనే చేరాడు. కొన్నాళ్లకు నేను పని మానుకుని బేస్తవారిపేట చేరాను.

అక్కడ మా పక్కింటామె నడిచే దారికి అడ్డంగా ఆమె బావ ముళ్లకంప వేశాడు. నేను కళ్లారా చూశాను. ఈసారి నిజం కోర్టులో బోనెక్కాల్సి వచ్చింది. బావ తరఫు ప్లీడరు రమణయ్య. నల్లకోటు అతనికి బాగా కుదిరింది. ప్రశ్నలన్నీ అయ్యాక తల ఎత్తి, నా వెనక గోడను చూశాడు.

"మీరు చెప్పిందంతా అబద్ధం."

అవ్వా అనలేదు. కొట్టేయించాల్సిన పని ఎవరికీ పడలేదు. "కాదు" అన్నాను. రాసుకున్నారు.

బయట వరండాలో ఎదురొచ్చాడు. "అవ్వా, టీ తాగి పోదువు రా."

"బస్సు పోతాదిరా" అన్నాను. ఆటోకు పోసేంత డబ్బు లేదు నా దగ్గర.

కల్పించింది చెప్పినా, కళ్లారా చూసింది చెప్పినా ప్లీడరు అనే మాట అదొక్కటే. అది అతని పని. "కాదు" అని చెప్పి దిగడం సాక్షి పని. రెండు కోర్టుల్లోనూ కూర్చోమని కుర్చీ మాత్రం ఎవరూ వేయలేదు.