కాయ పట్టని జత

పటాన్‌చెరు చౌరస్తాలో బండి మీద ఉప్పు వేసి ఉడికించిన కందికాయలు అమ్ముతారు. బొల్లారంలో పని ముగించుకుని నేను కంపెనీ బస్సు దిగగానే ఆ ఉడికిన వాసన ముక్కుకు తగిలి, దసరా సెలవులు, బతుకమ్మకు అమ్మ చేసిన మలీద ముద్దల తీపి, పంటల పరిశోధన కేంద్రంలో చుట్టూ సన్నని వల కట్టిన షెడ్డు, అందులోని ఉక్కపోత ఒకదాని వెంట ఒకటి గుర్తుకొస్తాయి.

మా అమ్మ యాదమ్మ ఆ షెడ్డులో కూలీ. పూలను కలపడం ఆమె పని. విచ్చని మొగ్గను చిన్న పట్టకారుతో తెరిచి, లోపలి కేసరాలు తీసేసి, మరో చెట్టు పుప్పొడి అద్ది, ఏది దేనితో కలిపిందో తెలిసేలా కాడకు రంగుదారం కట్టేది. సెలవుల్లో నేనూ వెంట వెళ్ళి దారాలు తుంచి ఇచ్చేదాన్ని.

ఒక ఏడు అక్కడి శాస్త్రవేత్త, మేమంతా సారు అనేవాళ్ళం, రెండు అడవికంది తీగల విత్తనాలు తెప్పించారు. ఒకటి మా కర్దనూరు దగ్గరి రాళ్ళగుట్ట మీదిది, రెండోది ఆ గుట్ట కింది పొలంగట్టుది. ఆకు, పసుపు పువ్వు, నూగు కాయ, అన్నీ ఒకటే. గుట్టతీగ బతుకమ్మ నాటికి పూస్తే, గట్టుతీగ చలి ముదిరాక పూసేది, అంతే తేడా. రెండూ ఒకేసారి పూయాలని వేర్వేరు నెలల్లో విత్తారు. వాటిని కలపడం అమ్మ వంతు వచ్చింది.

అద్దిన పూలన్నీ నాలుగో నాటికి రాలిపోయాయి. మళ్ళీ అద్దింది, మళ్ళీ రాలాయి. మేస్త్రి ఆమె చెయ్యి మొరటుదన్నాడు, సోమవారం నుంచి కలుపు తీయడానికి పొమ్మన్నాడు. ఇంటికొచ్చి అమ్మ సగం అన్నంలోనే లేచింది.

శనివారం సారు షెడ్డుకు రాగానే ఆమె ఆయనకు ఎదురు వెళ్ళింది.

"సార్, జెర గీ ఎర్రదారాలు సూడుండ్రి. గుట్టతీగకు ఇంకో గుట్టతీగ పుప్పొడే అద్దిన. గట్టుదానికి గట్టుదే అద్దిన. అన్నీ పట్టినయి. చెయ్యి నాదే గద."

సారు ఎర్రదారాలున్న కాయలను ఒక్కొక్కటే పట్టుకుని చూశారు. తర్వాత చొక్కా చేతులు మడిచి, అమ్మ పక్కనే పీట వేసుకుని, తానూ ఆ రెండు తీగల మొగ్గలను కలిపారు. ఆయనవీ ఆమెవీ ఒకే రోజు రాలిపోయాయి. అమ్మ కలుపుకు పోలేదు. మరుసటి ఏడు ఎట్లాగో ఒక్క గింజ పట్టింది. దాన్ని నాటితే మొక్క పచ్చగా పెరిగి పూసింది కాని, దాని పుప్పొడి సూక్ష్మదర్శినిలో ఉత్త పొట్టులా, జీవం లేకుండా కనిపించింది.

"ఎన్నో వేల ఏళ్ళ కిందట ఇది ఒక్కటే తీగ అయ్యుండాలి, యాదమ్మా," అన్నారు సారు. "ఒకటి బండల మీద, ఒకటి మట్టిలో బతకడం నేర్చుకుంది. పూసే కాలాలు వేరయ్యాయి, పుప్పొడి కలవలేదు. ఇప్పుడు మనం కలిపినా కలవవు. రెండు జాతులైపోయాయి."

"దూరముండి దూరముండి పరాయివైనయన్నట్టు," అంది అమ్మ.

ఆ సాయంత్రం షేర్ ఆటోలో ఆమె తన వేళ్ళను తిప్పి తిప్పి చూసుకుంది.

ఆ గుట్ట ఇప్పుడు లేదు. కంకరగా మారి ఎటెటో పోయింది. దాని తీగ గింజలు పరిశోధన కేంద్రం చల్లని గదిలో, పొట్లాల్లో ఉన్నాయని విన్నాను. పొలాలు గోదాములయ్యాయి. మొన్న చలిలో అమ్మను అటు తీసుకెళ్ళాను. ఒక ప్రహరీ మీద పసుపు పూలతో తీగ పాకి ఉంది. అమ్మ ఒక పువ్వును వేళ్ళతో విప్పి చూసింది.

"గిది గట్టుది," అంది.

గుట్టతీగ సంగతి మాత్రం అడగలేదు.