దేవుణ్ణి నిలదీసే తోకుజో

తోకుజోగారికి దండం పెట్టడం రాదు, తగువు పెట్టుకోవడమే వచ్చు. అదీ మనుషులతో కాదు, దేవుడితో.

జపానులో మా కొండ ఊళ్ళోని షింటో గుడి తాతముత్తాతల నాటిది. దానికి నేను పూజారిని. చుట్టుపక్కల గుళ్ళకి కూడా నేనే దిక్కు. పసిపిల్లలకి దీవెనలు, కొత్త కార్లకి శాంతులు, మధ్యలో ఆకులు ఊడ్చడం. ఒళ్ళు హూనమై, ఈ ఏడాదితో మానేద్దామనుకుంటూ చీపురుకి ఆనుకుని కునుకు తీసే వేళకి ఈయన దిగబడేవాడు.

పద్ధతి మాత్రం తప్పడు. చేతులు కడిగి, నోరు పుక్కిలించి, గంట మోగించి, రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టేవాడు. అక్కడితో భక్తి సరి.

"ఏమయ్యా, వింటున్నావా? మెట్లెక్కితే మోకాళ్ళు కలుక్కుమంటున్నాయి! కొండమీద కూర్చోమని నీకెవరు చెప్పారు?"

వెనక జనం నసిగేవారు.

"తాతగారూ, మనసులో చెప్పుకోకూడదూ?" అనేవాణ్ణి.

"మనసులో చెప్తే వినపళ్ళేదని తప్పించుకుంటాడు!"

మర్నాడు పంటినొప్పి మీద పంచాయితీ. ఆయన నోట్లో ఒక్క పన్ను లేదు. ఆపై వారం అత్తగారి సాధింపులు. ఆయనకి పెళ్ళే కాలేదు! మతి చలించిందేమోనని పక్కన కూర్చోబెట్టి టీ ఇచ్చాను.

"మీకు అత్తగారెక్కడిదండీ?"

"నాకెందుకయ్యా, టోఫు అమ్మే ఒమినేకి. పన్ను వాళ్ళాయనది. మోకాళ్ళు పోస్టుమాన్ సకెయివి."

"వాళ్ళే వచ్చి చెప్పుకోవచ్చుగా?"

"వస్తారు. నిలబడగానే మొహమాటం. 'చల్లగా చూడు' అనేసి పోతారు. నాకా బెడద లేదుగా."

"మరి మీ బాధలు?"

"వరస పెద్దది. నా వంతింకా రాలేదు."

కోతల పండగ అయిన మర్నాడు నిలువునా తూలుతున్నాను. చప్పట్లు వినిపించాయి.

"ఏమయ్యా, నీ పూజారి మొహం చూశావా? పీక్కుపోయింది! వాడు పడిపోతే నీకు దీపం పెట్టేదెవరు? ఒక్కపూట పడుకోనియ్యి."

తిరిగి వచ్చి నా చేతిలో చీపురు లాక్కున్నాడు. "సరేనన్నాడు. పోయి పడుకో."

"దేవుడు సరేనన్నాడా?"

"కాదనలేదుగా!"

పడుకున్నాను. మధ్యాహ్నం మెలకువ వస్తే కిటికీలోంచి చూశాను. జనం మునివేళ్ళమీద నడుస్తున్నారు. తోకుజోగారు గంట తాడు గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు.

"ష్! మోగించకండి. పూజారి నిద్రపోతున్నాడు."

"మరి మేమొచ్చామని దేవుడికెలా తెలుస్తుంది తాతా?"

"నేనిక్కడే ఉన్నానుగా. భయంతో మేలుకునే ఉంటాడు."

మానేసే సంగతి తర్వాత చూసుకోవచ్చులెమ్మని మళ్ళీ దుప్పటి ముసుగుతన్నాను.